మా మేనత్త కొమ్ము

మొన్న తెనాల్లో పళ్ళ డాక్టరు దగ్గర దవడ పట్టుకుని కూర్చుంటే, కింద రోడ్డు మీద పెళ్ళి బ్యాండు ఆగింది. ట్రంపెట్ అతను మూడు బటన్లూ టకటకా నొక్కుతుంటే పాట జలజలా వస్తోంది. నేను నొప్పి కూడా మర్చిపోయి కిటికీలోంచి వంగి చూశా. మా మేనత్త చూసుంటే "బటన్లుంటే ఎవరైనా ఊదుతారే" అనుండేది.

ఆవిడ మా నాన్నకి అక్క. భట్టిప్రోలు దగ్గర మా ఊరు. తాత ఊదిన ఇత్తడి కొమ్ము మా ఇంట్లో గోడకి వేలాడుతుండేది, వంకీ తిరిగి, ఇంచుమించు మనిషంత పొడుగు. దానికి బటన్లూ లేవు, చిల్లులూ లేవు, ఉత్త గొట్టం. తాత దాన్ని ఆడపిల్ల చేతికివ్వలేదు. అందుకని అత్త పొయ్యి ఊదే గొట్టంతో నేర్చుకుందంట. వంట చేస్తున్నట్టే కూర్చుని పెదాలు బుర్రుమనిపించేదంట, ఇంట్లో రోజూ మాడన్నమేనంట. నాకూ చెప్పేది. "గాలి తోయటం కాదే, పెదాలు అదరాలి. వదులుగా పెడితే కింది స్వరం, బిగిస్తే పైది. కింద మెట్లు దూరం దూరంగా ఉంటయ్యి, పైకెళ్ళేకొద్దీ దగ్గరవుతయ్యి. మధ్యలోవి ఇందులో ఉండవు, నన్నడక్కు." పాటలో ఆ లేని స్వరం వచ్చినప్పుడు ఆవిడ ఊపిరి తీసుకునేది. ఆ ఖాళీలో జనం గొంతులు వినపడేవి. నాకదే బాగుండేది.

ఈస్టర్ నాడు తెల్లారకముందే గుడి దగ్గర్నుంచి సమాధుల తోటకి పాడుకుంటూ నడుస్తాం. ముందు కొమ్ము ఉండాలి. ఆడమనిషి ఊదటం ఏంటన్నారు సంఘం పెద్దలు, అందుకని తాత పోయాక అది మా నాన్న చేతికొచ్చింది. నాన్న ఊదితే ఈనలేక అరిచే గేదె గుర్తొచ్చేది. అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆలోచించి ఒక పని చేశారు. చీకట్లో అత్త నాన్న దుప్పటి తలమీంచి కప్పుకుని ముందు నడిచి ఊదేది, నాన్న తల వంచుకుని వెనక నడిచేవాడు. తూర్పు కాస్త తెల్లబడగానే కొమ్ము ఆయన చేతిలో పెట్టి, ఆడవాళ్ళలో కలిసిపోయేది. ఇక గుడికి తిరిగొచ్చేదాకా కొమ్ము మూగే. పెద్దలకి తెలీదా? ఒకాయన ఏటా అడిగేవాడు, "ఏంటమ్మా, మీ తమ్ముడికి పొద్దెక్కితే ఊపిరి చాలదా?" అని. "అవునండి, చిన్నప్పట్నించీ అంతేనండి" అనేది అత్త.

పోయినేడు రేపల్లె నుంచి కొత్తగా వచ్చిన పాస్టరయ్యగారు, ఎవరు చెప్పారో ఏమో, ఇంటికొచ్చి, "ఈసారి తెల్లారాక, గుడి మెట్ల మీద, అందరి ముందూ మీరే ఊదండమ్మా" అన్నారు. అత్త వారం పాటు చింతపండేసి కొమ్ము తోమింది. కానీ అంతకుముందు చలికాలమే బాపట్లలో ముందు పళ్ళన్నీ తీయించుకుని కట్టుడుపళ్ళు పెట్టించుకుంది. వంటింట్లో ఊదుకుంటుంటే ఫూ అని గాలే వస్తోంది. "అయ్యగారికి చెబ్దామత్తా" అన్నా. "నోర్ముయ్యి, ఆరోజుకి వస్తదిలే" అంది.

ఎండ మెట్ల మీద పడింది. చీరాల చీర కట్టుకుని, కొమ్మెత్తి ఊదింది. గాలి. మళ్ళీ గాలి. కట్టుడుపళ్ళు తీసి నా చేతిలో పెట్టి ఇంకోసారి ఊదింది. అప్పుడొచ్చింది ఒక్క స్వరం, అట్టడుగుది, అచ్చం మా నాన్న గేదె. జనం ముసిముసిగా నవ్వారు. ఏటా అడిగే పెద్దాయన నవ్వలేదు, కండువాతో మొహం తుడుచుకున్నాడు. అత్త కూడా నవ్వి, పళ్ళు పెట్టుకుని, నాతో మెల్లిగా అంది, "ఇన్నేళ్ళూ ఊదింది నేనేనంటే ఈ పిల్లలిక నమ్మరే."

డాక్టరు గది లోపల్నుంచి నన్ను పిలిచారు. నాలికతో ముందుపళ్ళు తడుముకున్నా, అన్నీ ఉన్నాయి. ఆవిడ పళ్ళు గట్టిగా ఉన్న ఏళ్ళలో ఒక్క ఈస్టర్‌కైనా, సమాధుల తోట ఇంకా చాలా దూరం ఉండగానే, కొమ్ము ఇంకా ఆవిడ పెదాల మీదుండగానే తెల్లారిపోయి అందరూ చూసుంటే ఏం పోయేది.