పంచె మీద తెల్లటి చుక్కలు

పెంటపాడు దగ్గర మా ఊరి పక్కనే ఊక తగలబెట్టి కరెంటు తీసే ప్లాంటు ఉంది. చుట్టుపక్కల ధాన్యం మిల్లుల ఊకంతా దానికే పోతుంది. నేను తాడేపల్లిగూడెం కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. ఒకరి లాభానికయ్యే ఖర్చు ఇంకొకరి నెత్తిన పడడం గురించి ఏటా పాఠం చెబుతూనే ఉన్నాను. అది మా డాబా మీదే పడుతోందని తెలియడానికి మాత్రం వడియాలు కావలసి వచ్చాయి.

అత్తయ్యగారు వేసవిలో మామయ్యగారి పాత పంచె డాబా మీద పరిచి వడియాలు పెడతారు. పోయినేడు అవి ఎండాక వెనక నీళ్ళు చల్లి ఒలిస్తే, వడియం ఉన్నచోట తెల్లటి చుక్కలు, మిగతా పంచెంతా బూడిద! నాకు ఒళ్ళు మండింది. ఈ గాలే పీలుస్తూ మామయ్యగారు దగ్గుతో కునుకు లేకుండా ఉన్నారు.

అప్పుడే ప్లాంటువాళ్ళు రెండో బాయిలరుకు అనుమతి అడిగారు. ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. పంచె సంచిలో కుక్కి, అత్తయ్యగారిని లాక్కుపోయాను.

"బూడిద పట్టే ఫిల్టరు ఉందండీ," అన్నాడు మేనేజరు. "రోజంతా తిప్పితే మా కరెంటు అదే తినేస్తుందండీ. అప్పుడు ఊకకి ధర తగ్గించాలి. ఎవరు భరిస్తారండీ?"

ధర తగ్గితే ఎలాగని మిల్లువాళ్ళు గొల్లుమన్నారు. నేను పంచె విప్పి పట్టుకున్నాను.

"మీరు మిగుల్చుకున్న ఖర్చు మా డాబా మీద పడిందండీ, చూడండి!"

మేనేజరు నవ్వాడు. "ఉతికితే పోతుంది కదండీ."

ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని అత్తయ్యగారు లేచి నిలబడ్డారు.

"పంచె ఉతుకుతానండీ. మా ఆయన ఊపిరితిత్తులు ఎలా ఉతకనండీ?"

ఒక మిల్లు ఆసామి లేచి, "ఊక ధర కాస్త తగ్గినా సర్దుకుంటామండీ, ఫిల్టరు తిప్పించండి," అన్నాడు. మిగతావాళ్ళూ అదే మాట అందుకున్నారు. చివరికి ఫిల్టరు ఆపితే బాయిలరు కూడా ఆపాలన్న షరతుతోనే అనుమతి వచ్చింది.

ఈ వేసవిలో మళ్ళీ అదే పంచె ఉతికి పరిచి వడియాలు పెట్టాం. అవి ఎండాక ఒక మధ్యాహ్నం ఒలుస్తూ చుక్కల కోసం వెతికాను. ఒక్కటీ లేదు, పంచెంతా ఒకటే తెలుపు! ఆనందం పట్టలేక కేక పెట్టాను.

కింద వసారాలోంచి మామయ్యగారు విసుక్కున్నారు. "ఏంటమ్మాయ్ ఆ కేకలు? ఇప్పుడే కదా కునుకు పట్టిందీ!"