హౌజులో తాబేలు

మొన్న ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. ఫోన్ పెట్టేసి అత్తమ్మ గుమ్మంలోనే కూలబడింది. "టీచరమ్మ పోయిందట బిడ్డా" అంది. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఏళ్ళ తరబడి మా పక్కింట్లో ఉండి, రిటైరయ్యాక అల్వాల్ వెళ్ళిపోయిన టీచర్ గారు నిద్రలోనే కన్నుమూశారట. ఏం జరుగుతోందో లేచి చూడకుండా ఆవిడ ఎలా ఊరుకున్నారా అని ముందు అనిపించింది. ఆ తర్వాత ఏడుపొచ్చింది.

ఆవిడది గుంటూరు వైపు. ఆడపిల్లల కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పేవారు. పాచిపోయిన పప్పు గిన్నె మూత తీస్తే మేం ముక్కు మూసుకునేవాళ్ళం, ఆవిడ కళ్ళజోడు సర్దుకునేవారు. "ముందు చూడు అమ్మాయ్, అసహ్యం తర్వాత పడుదువుగాని" అనేవారు. వాళ్ళ వరండాలో కుళాయికి ఎర్ర సబ్బు ఒకటి తాడుతో వేలాడుతుండేది. ఎంతటివాళ్ళొచ్చినా చేతులు కడుక్కునే లోపలికి రావాలి. "బాప్తిస్మం అయినంకనే చాయ్" అని మా మామయ్య ఏడిపించేవారు. ఆవిడ నవ్వేవారు గాని సబ్బు మాత్రం తీసేవారు కాదు.

మా పాపకు నాలుగో నెల నడుస్తుండగా కోత పండుగ వచ్చింది. చర్చిలో విందు వంటంతా ఎప్పట్లాగే మా అత్తమ్మదే. ఆమె బిర్యానీ ఉందంటే ప్రసంగం ఎంత సాగినా ఓపిగ్గా కూర్చునే సంఘం మాది. రెండు రోజులు తిరక్కుండానే మా క్వార్టర్ల వరసలోని పిల్లలకు వాంతులు, విరేచనాలు, జ్వరం పట్టుకున్నాయి. మా పాపకైతే కళ్ళు గుంటలు పడ్డాయి. ఆసుపత్రిలో చేర్చాం.

అందరి వేళ్ళూ బిర్యానీ వైపే తిరిగాయి. సంఘపెద్ద ఒకాయన ఆసుపత్రి వరండాలోనే చెప్పేశాడు. "క్రిస్మస్ వంట ఈసారి వేరేటోళ్ళకు చెప్దామనుకుంటున్నం. ఏమనుకోకమ్మా."

అత్తమ్మ ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, పెళ్ళప్పుడు పుట్టింటివాళ్ళిచ్చిన బిర్యానీ వండే పెద్ద డేగిసాను బోర్లించేసింది. మనవరాలు మంచం మీద, పరువు వీధిలో. ఆమె అన్నం ముట్టడం మానేసింది.

టీచర్ గారు పాపను చూడ్డానికి వచ్చారు. ఓదార్పు మాటలు ఆవిడకు చేతకావు, ప్రశ్నలే వచ్చు.

"తప్పెవరిదో తర్వాత తేల్చుకుందాం వదినగారూ. అల్వాల్ నుంచి, కాప్రా నుంచి వచ్చినవాళ్ళూ ఆ బిర్యానీయే తిన్నారుగా. వాళ్ళకేం కాలేదే? పాప అసలు తినలేదుగా?"

"తల్లి తిన్నది పాలల్ల దిగిందంటున్నరు టీచరమ్మా."

"తల్లి గుండ్రాయిలా ఉందిగా!" అని నన్ను చూపించారు. కంటి మీద కునుకు లేక పీనుగులా ఉన్నాను. ఆవిడ మీద నాకు కోపమొచ్చింది ఆ ఒక్కసారే.

"పాపకు స్నానం ఏ నీళ్ళతో?"

"కాగుల నీళ్ళే. వేడెక్కువైతే హౌజుల నీళ్ళు జెర కలుపుత."

హౌజంటే మా ఇళ్ళ వెనక వాడకం నీళ్ళకు కట్టిన సిమెంటు తొట్టి. ఆ వేసవిలో కాప్రా చెరువు దగ్గర వలలో పడిన తాబేలును మామయ్య తెచ్చి అందులో వదిలారు. తాబేలుంటే నీళ్ళు పాచి పట్టవని మావాళ్ళ నమ్మకం. బావుల్లో కూడా వేసేవాళ్ళు. పిల్లలు దాన్ని ఎత్తుకుని ఆడేవారు, ఆ చేతులతోనే బిస్కెట్లు తినేవారు.

టీచర్ గారు చేతులకు తొడుగులు వేసుకుని హౌజు పక్కన గొంతుక్కూర్చున్నారు. "ఎంత నిక్షేపంగా ఉందో చూడు!" అని మురిసిపోయారు. దూదిపుల్లతో దాని ఒంటి మీద, తోక దగ్గర తుడిచి కాలేజీ ల్యాబుకు తీసుకెళ్ళారు. నాలుగైదు రోజులకు ఫలితం వచ్చింది. ఏమీ లేదు.

అత్తమ్మ ముఖం నల్లబడిపోయింది. టీచర్ గారికి మాత్రం ఇంకా హుషారొచ్చింది. "తలుపు తట్టినప్పుడు పలకలేదంటే ఇంట్లో లేరని కాదు వదినగారూ. తాబేలు కడుపులో విరేచనాల క్రిమి ఉన్నా రోజూ బయటపడదు" అని మళ్ళీ తుడిచారు, ఆ మర్నాడూ తుడిచారు.

ఈసారి అత్తమ్మను ల్యాబుకే పిలిచారు. మూతేసిన గాజుపళ్ళెంలో నల్లటి చుక్కలు.

"ఏందివి, షాజీరా లెక్కున్నయి?" అంది అత్తమ్మ.

"సాల్మొనెల్లా. ముట్టుకోకండి, పోపులో వేసేస్తారు మీరు!"

ఆసుపత్రిలో పాపకు చేసిన పరీక్షలోనూ అదే పేరు వచ్చింది. ఆ మాట టీచర్ గారే చర్చిలో అందరి ముందూ లేచి చెప్పారు. క్రిస్మస్ బిర్యానీ అత్తమ్మే వండింది. అప్పటికి పాప బోసినవ్వులు నవ్వుతోంది. ఆ రుణం నేను ఏం చేసినా తీరదు.

తాబేలును కొట్టి పారేద్దామన్నారు కొందరు. "అది మన ఇంటికొచ్చిందా, మనం తెచ్చామా? ఆ క్రిమి దాని కడుపులో కాపురముంటుంది, దాన్నేమీ చెయ్యదు. ఎందుకు చెయ్యదో అడగాలనిపించట్లేదా మీకు?" అన్నారు టీచర్ గారు. మామయ్య దాన్ని బక్కెట్లో పెట్టి, తలొంచుకుని, కాప్రా చెరువులోనే వదిలొచ్చారు. హౌజు ఖాళీ చేసి, తోమి, సున్నం వేశాం. పక్క కుళాయికి టీచర్ గారు తానే సబ్బుకు కన్నం చేసి తాడు కట్టారు.

సోమవారం సమాధుల తోటలో అందరం తలా పిడికెడు మట్టి వేశాం. మట్టి చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక నిలబడ్డాం. అత్తమ్మ సంచిలోంచి కొత్త ఎర్ర సబ్బు తీసింది. అప్పటికే కన్నం పెట్టి, తాడు గుచ్చి తెచ్చింది. గేటు దగ్గరి కుళాయికి కట్టి, పక్కనే నిలబడింది.

"వేళ్ళ సందులల్ల సుత" అంది, ముందు నిలబడ్డ సంఘపెద్దతో.

అందరం వరసగా కడుక్కున్నాం. గేటు దాటుతూ వెనక్కి చూశాను. సబ్బు తాడుకు ఇంకా ఊగుతోంది, నురగ కారుతూ.