బ్రేకుల బాబాయి ఇల్లు అమ్మిన వైనం

బ్రేకుల బాబాయికి ఉన్నది ఒకే ఒక్క అలవాటు. తన చేతిలోంచి ఏ వస్తువు ఎవరికి వెళ్ళినా, ముందు దాని లోపం చెప్పి తర్వాత వస్తువు ఇస్తాడు. బస్సు డిపోలో బ్రేకులు పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి కాబట్టి వీధి మొత్తానికి ఆయన బ్రేకుల బాబాయి, ఆయన భార్య పిన్ని. వానలో తడుస్తున్నవాడికి గొడుగు ఇస్తూ కూడా, "ముందే చెప్తున్నా, ఎడమవైపు కారుతుంది" అంటాడు. పెళ్ళి మాటలప్పుడు కాబోయే మామగారితో, "ముందే చెప్తున్నా, నాకు గురక ఉంది" అన్నాడు. మామగారు దాన్ని వినయం అనుకున్నారు. కాదని పిన్నికి మొదటి వారంలోనే తెలిసింది.

ఇలాంటి మనిషి ఇల్లు అమ్మకానికి పెట్టాడు. పడగ్గది, స్నానాలగది రెండూ మేడమీదే, పిన్ని మోకాళ్ళేమో మెట్లంటే మొరాయిస్తున్నాయి. ఆవిడ చెల్లెలి ఇంటి దగ్గర మెట్లే లేని చిన్న ఇల్లొకటి దొరికింది. దాని సొంతదారు టైలరమ్మ, నెలాఖరుదాకా ఆగుతానంది. ఇది అమ్ముడుపోతేగాని అది చేతికి రాదు.

వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. ఆయాసంతో బాధపడే పెద్దాయనకు బాబాయి వెనకగది చెమ్మ చూపించాడు. సంగీతం టీచరునైతే పక్కింటివాళ్ళు మోటారు వేసేదాకా కూర్చోబెట్టి, ఆ మోత వినిపించి మరీ పంపాడు.

"మీరింక నోరెత్తకండి. ఇళ్ళు తనిఖీ చేసే ఆయన్ని పిలుద్దాం. చెప్పేదేదో ఆయన రిపోర్టే చెబుతుంది," అంది పిన్ని.

తనిఖీ ఆయన చెవికి ఫోను ఆనించుకునే వచ్చాడు. ముందుగదిలో ఒక చుట్టు తిరిగి, మేడవైపు తలెత్తి చూసి, టీ తాగి వెళ్ళిపోయాడు. మర్నాడు రిపోర్టు వచ్చింది. ఇంట్లో లోపాలేమీ లేవు. నేలమాళిగ పొడిగా, శుభ్రంగా ఉంది.

"మనకి నేలమాళిగ ఎక్కడుందే?" అన్నాడు బాబాయి.

"లేనిది శుభ్రంగా ఉంటే మీకొచ్చిన నష్టమేంటి?"

"మరి బాల్కనీ రెయిలింగు ఊగుతోంది, అది రాయలేదే!"

ఆ పూట బాబాయికి అన్నం సహించలేదు.

నెలాఖరు రోజున ఒక నర్సు, ఆవిడ భర్త బేకరీ ఆయన, చంకలో పాకే వయసు పాపతో వచ్చారు. రిపోర్టు చదివి తెగ సంతోషించి, బాబాయి వెంట మేడెక్కారు. పిన్ని మెట్ల కింద నిలబడి చెవులు రిక్కించింది. పైనుంచి పాప కేరింతలే వినబడ్డాయి. ఇల్లు అమ్ముడుపోయినట్టే అనుకుంది పాపం.

"ముందే చెప్తున్నా..." అని పైనుంచి వినబడింది. పిన్ని కింది మెట్టుమీద కూలబడిపోయింది.

ఎలాగూ నోరు తెరిచాను కదా అని రెయిలింగుతో ఆపలేదు. కారే కుళాయి, బిగుసుకుపోయిన కిటికీ, లేని నేలమాళిగ, అన్నీ చెప్పాడు. ఆలోచించుకుని చెప్తామంటూ వాళ్ళు వెళ్ళిపోయారు. పిన్ని ఆయనతో మాట్లాడటం మానేసింది. ఎందుకో తెలుసు కాబట్టి ఆయనా అడగలేదు.

రెండు రోజుల తర్వాత నర్సు దంపతులు వెల్డింగ్ మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చారు.

"మేం చూసిన ఇంకో ఇంటికీ ఆ తనిఖీ ఆయనే రిపోర్టిచ్చాడండీ. వాళ్ళకీ నేలమాళిగ లేదు, వాళ్ళదీ శుభ్రంగానే ఉందట!" అంది నర్సు. "మా పాప గురించి ఆలోచించింది మీరొక్కరే. ఈ రెయిలింగు బిగిస్తే ఇల్లు మేమే తీసుకుంటాం."

పిన్ని సంతోషం నిమిషం కూడా నిలవలేదు. గడువు దాటిపోయిందిగా! వెంటనే టైలరమ్మకు ఫోన్ చేసింది. "ఇల్లు ఇంకెవరికైనా ఇచ్చేశారా అమ్మా?"

"ఎవరికిస్తానండీ? మీవారు మొదట్లోనే వచ్చి చెప్పారుగా. 'ముందే చెప్తున్నా, నా నోరు ఆగదు, మా ఇల్లు తొందరగా అమ్ముడుపోదు. మా ఆవిడ మోకాళ్ళకి మీ ఇల్లే కావాలి, కాస్త ఆగండి' అన్నారు. నేనప్పుడే సరేనన్నాను."

పిన్నికి కోపం ఎక్కడికి పోయిందో పోయింది. అయినా మొగుణ్ణి నిలదీసింది. "నెలరోజులు నేను హడలిచచ్చాను. లోకానికంతా ముందే చెప్పే మనిషి, నాకు ఈ ఒక్కటి ఎందుకు చెప్పలేదూ?"

బాబాయి నిజంగానే ఆలోచించాడు.

"అది లోపం కాదుగా," అన్నాడు.