ఆదివారపు కాపలా

బొమ్మ వేసే స్టాండుకు మూడు కాళ్ళుంటాయి. భూములు కొలిచేవాళ్ళు తెచ్చే స్టాండుకూ మూడే. ఐరాల దాటాక ఒక పొలం గట్టున నేను స్టాండు నిలబెట్టి, నెత్తిన టోపీ పెట్టుకుని, ఒక కన్ను మూసి, బ్రష్షు ముందుకు చాచి దూరాలు చూసుకుంటున్నాను. ఎదుటి చేలో కలుపు తీస్తున్న ఆవిడకు నేను ఎవరిలా కనబడ్డానో వేరే చెప్పక్కర్లేదు. కొడవలి చేతిలో ఉండగానే గెనిమ గట్లు దాటుకుంటూ సరాసరి నా మీదికి వచ్చేసింది.

"ఎవురు మేడం మీరు? మొన్ననే గదా రాళ్ళు నాటిపోయినారు? మళ్ళా ఏం కొలస్తా ఉండారు?"

కొలవటం లేదక్కా, బొమ్మ వేసుకుంటున్నానని చెప్పాను.

"ఏం బొమ్మ?"

"ఆ గుట్ట, ఆ మామిడి తోపు, ఈ చేలు."

"గవర్మెంటుకా?"

"కాదు. నాకే."

అది ఆవిడకు ఎక్కలేదు. తిరుపతి నుంచి తెల్లవారే బస్సెక్కి, దిగి, షేరాటో పట్టుకుని, సంచీ మోసుకుంటూ వచ్చి, ఎవరికీ అక్కర్లేని బొమ్మ వేసుకునే మనిషి ఉంటుందంటే ఎవరు నమ్ముతారు? ఊరక రారు మహానుభావులు అంటారు కదా. వాళ్ళ చెల్లెలిని ఇచ్చిన ఊళ్ళో కూడా ముందు ఎవరో వచ్చి ఫోటోలు తీసుకుని పోయారట. ఆ వెనకాలే కొత్త రోడ్డు వచ్చి చెరుకు తోటలోంచి పోయిందట.

"నీ ఇష్టం, ఏమన్నా గీసుకో. మా బాయి, మా చేను మాత్రం నీ బొమ్మలో పడకూడదు," అంది. మేడం పోయి నువ్వులోకి దిగింది. అది నాకు బాగుంది.

చిక్కేమిటంటే, ఆవిడ చేను సరిగ్గా నా బొమ్మ నడిమధ్యన ఉంది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. మామూలుగా అయితే 'నీ చేనూ వద్దు, నీ గుట్టా వద్దు' అని సంచీ సర్దుకుని పోయేదాన్నే. కానీ ఆవిడ మాట చెప్పి వెళ్ళిపోలేదు. పక్కనున్న బండ మీద కొంగు దులుపుకుని కూర్చుంది, నేను మాట తప్పుతానేమో చూడటానికి.

బొమ్మలు వేయడం మొదలుపెట్టినప్పటి నుంచీ నా పక్కన ఎవరూ అలా కూర్చోలేదు. నేనొక బడిలో డ్రాయింగ్ టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. శనివారం మధ్యాహ్నం బడి గేటు దాటితే సోమవారం ప్రార్థన గంట కొట్టేదాకా నాతో మాట్లాడేది పాలవాడూ, బస్సు కండక్టరూ. ఆరుబయట బొమ్మ వేస్తుంటే జనం రాకపోరు. వస్తారు, "ఒక్కదానివే వచ్చినావా?" అని అడుగుతారు, అవునంటే జాలిగా చూసి పోతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ నాకు విసుగు పుట్టింది. ఎవరి పిచ్చి వారికానందం అని పైకి నవ్వేదాన్ని గానీ, ఆనందంలో సగం పంచుకోవడానికి మనిషి లేకపోవడం పెద్ద లోటు.

ఆ రోజంతా ఆవిడ కూర్చుంది. మధ్యలో లేచి, మోటారు ఆపి, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆవిడ చేను ఉన్న చోట నేను బండరాళ్ళు వేశాను, రాళ్ళ సందుల్లో కంపచెట్లు వేశాను. అటుపక్క ఆవిడ తోడికోడలిది మామిడి తోపు. దాన్ని ఉన్నది ఉన్నట్టే మొదలుపెట్టాను. మా బావీ చేనూ పడలేదు కదా అని ఆవిడ ఒకటికి రెండుసార్లు వంగి చూసుకుంది.

"వచ్చే ఆదివారం వస్తావా?"

"రావాలక్కా. ఇంకా కాలేదు."

"అయితే నేనూ వస్తా. నీ మీద నాకింకా నమ్మకం లేదు," అంది, నవ్వకుండానే.

ఆ మాటకు నేనెంత సంతోషపడ్డానో ఆవిడకు తెలియదు. దొంగకు పోలీసు మీద ప్రేమ పుట్టినట్టు ఉంది నా వ్యవహారం.

తర్వాతి ఆదివారాలు అలాగే గడిచాయి. నేను స్టాండు పెట్టగానే ఆవిడ వచ్చేది. ఆయిల్ రంగుల వాసనకు ముక్కు మూసుకునేది. సంగటి, నంజుకోవడానికి ఊరిబిండి తెచ్చి నాకింత పెట్టేది. వాళ్ళాయన మోకాళ్ళ నొప్పులు, ఎనుము ఈనిన సంగతి, మామిడి తోపు పంపకాల్లో తోడికోడలికి పోయిన సంగతి చెప్పేది. ఆ ఆఖరి సంగతి చాలాసార్లు చెప్పేది. కళ్ళు మాత్రం నా బ్రష్షు మీదే.

బొమ్మ అయిపోతే ఆవిడ కాపలా కూడా అయిపోతుందని నాకు తెలుసు. అందుకని బొమ్మను అవ్వనివ్వలేదు. గుట్ట మీద రంగు బాగానే కుదిరినా కత్తితో గీకేసి మళ్ళీ పూసేదాన్ని. ఆకాశం ఎన్నిసార్లు మార్చానో. ఒకసారి ఆవిడే పట్టుకుంది.

"పోయిన వారం ఈడ మబ్బు ఉండె. యాడికి పోయింది?"

"బాగా రాలేదక్కా, తీసేశాను."

"అది బాగుండె. దీనికంటే అదే బాగుండె," అంది. ఆవిడ చెప్పింది నిజమే. నేను తలవంచుకుని లేని మబ్బు కోసం మళ్ళీ తెల్లరంగు కలుపుకున్నాను. చలి ముదిరి, అనపకాయలు ఉడకబెట్టి తెచ్చే కాలం వచ్చేదాకా అలాగే సాగదీశాను.

చలి తగ్గే రోజుల్లో తిరుపతిలో మా బొమ్మలవాళ్ళందరం కలిసి ఒక కల్యాణ మండపం కింది హాల్లో ప్రదర్శన పెడతాం. పేరుకు అన్ని రకాల బొమ్మలూ అంటారు గానీ, అక్కడ నడిచేది స్వామివారే. నిలువెత్తు స్వామి, నామాల స్వామి, మంచుగడ్డ మీద గీసినట్టు మెరిసే స్వామి. జనం ఆ బొమ్మల ముందు ఫోటోలు దిగి, దండం పెట్టుకుని, ప్రసాదం ఏదీ అన్నట్టు చుట్టూ చూసి వెళ్ళిపోతారు. ఒక ఏడు నేను స్వామివారి కొండల బొమ్మ పెడితే ఒక పెద్దాయన చెప్పులు విప్పి, కళ్ళకద్దుకుని వెళ్ళాడు. బొమ్మ చూశాడా అంటే చూడలేదు. ఆయన మీద కోపం తెచ్చుకోవడానికి మనసు రాలేదు. ఆ రోజు నా బొమ్మ ముందు ఆగింది ఆయనొక్కడే.

ఈసారి ఐరాల బొమ్మ పెట్టాను. "మీ చేను లేదని నీ కళ్ళతో చూసుకుందువు గానీ, రా అక్కా," అని ఆవిడను పిలిచాను. పిలిచానే గానీ వస్తుందనుకోలేదు. కుర్చీలో కూర్చుని గుమ్మం వైపు చూస్తూనే ఉన్నాను. మధ్యాహ్నం దాటాక వచ్చింది. పట్టుచీర కట్టుకుని, తల నిండా పూలు పెట్టుకుని వచ్చింది. వెంట తోడికోడలు కూడా ఉంది.

ఇద్దరూ బొమ్మ ముందు నిలబడ్డారు. తోడికోడలు ముందు తన తోపును గుర్తుపట్టింది. "అబ్బ, మా మామిడి చెట్లు! ఆ మూల చెట్టు కూడా పెట్టినావే!" అని మురిసిపోయింది. పక్కనున్న ఎవరినో పిలిచి, "ఇది మా తోపేనమ్మా," అని చూపించింది. తర్వాత వేలు కొంచెం పక్కకు జరిపి, "ఈడ కంపపట్టి ఉండేది ఎవురిది?" అంది. అడిగాక తనకే తెలిసింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

చేను గలావిడ నవ్వలేదు. వంగి ఆ కంపచెట్లను చూసింది.

"మా చేను బీడు పెట్టినావు గదమ్మా," అంది నెమ్మదిగా.

"నువ్వే వద్దన్నావు కదక్కా."

"వొద్దంటే వొదిలిపెట్టాల. కంప పట్టిస్తారా? మేము బతికుండంగానే?"

రైతు చేలో కంప మొలవడమంటే ఏమిటో ఈ సీమలో పుట్టిన నాకు ఒకరు చెప్పాలా? ఖాళీ జాగా నింపాలి కాబట్టి చేతికొచ్చింది వేశాను. ఆవిడ ఇన్ని వారాలు పక్కన కూర్చుని కూడా కనిపెట్టలేదు, ఎందుకంటే తన చేను పడిందా లేదా అన్నదే చూసింది గానీ, దాని చోటులో ఏం పడిందో చూడలేదు. ఇప్పుడు నలుగురిలో, అందులోనూ తోడికోడలి పక్కన నిలబడి చూసింది.

ఇక ఈవిడ నా మొహం చూడదని నిశ్చయించుకున్నాను. కానీ గుమ్మం దాకా వెళ్ళినావిడ వెనక్కి వచ్చింది.

"వచ్చే ఆదివారం రా. ఇంకో బొమ్మ గీయి. బాయి, మోటారు షెడ్డు, శెనిక్కాయ చేను, అన్నీ పెట్టు. కొలిచేవోళ్ళు వస్తే రానీ. దాసిపెట్టుకుంటే మాత్రం రాకుండా పోతారా?"

ఆ వారమంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆవిడ బండ మీద కూర్చోవడం నాకు బాధగా ఉండేది, అందుకని మడత కుర్చీ ఒకటి కొన్నాను. కొత్త కాన్వాసు కూడా పెద్దదే తీశాను. పెద్దదైతే ఎక్కువ ఆదివారాలు పడుతుందని లెక్క.

ఆదివారం ఆవిడే గట్టు మీద ఎదురొచ్చింది. "ఈడ కూకో. ఈడి నుంచి అయితే బాయి బాగా అగపడతాది," అని చోటు చూపించింది. నేను స్టాండు పెట్టి, పక్కన మడత కుర్చీ విప్పాను.

"ఇదెవురికి?"

"నీకేనక్కా. కూర్చో."

"నేనెందుకమ్మా?" అని ఆశ్చర్యపోయింది. "ఇంక నువ్వేం దాస్తావు, నేనేం కాపలా కాస్తాను? కలుపు పడుండాది." నా భుజం తట్టి చేలోకి దిగిపోయింది.

నేను బొమ్మ మొదలుపెట్టాను. బావి వేశాను, షెడ్డు వేశాను, ఆకుపచ్చ చేలో వంగి ఉన్న ఆవిడ వీపు వేశాను. మధ్యాహ్నం ఒకసారి కేకేశాను, ఏదో సాకుతో. ఆవిడ నడుము నిలబెట్టి, "కానీలేమ్మా, నువ్వు గీస్తా ఉండు!" అని చెయ్యి ఊపి మళ్ళీ వంగింది. సంగటి గిన్నె ఎవరో పిల్లాడితో నా పక్కన పెట్టించింది గానీ తను రాలేదు. గుట్ట, ఆకాశం అన్నీ ఒక్క ఊపున వచ్చేశాయి. గీకేయడానికి చెయ్యి రాలేదు. గీకి మళ్ళీ వేసినా చూసి అడిగేవాళ్ళెవరు? పెద్ద కాన్వాసు సాయంత్రానికే నిండిపోయింది.

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బాయి ఉండేది ఉన్నట్టే ఉండాది. పచ్చగుండాది," అంది. నా చెయ్యి పట్టుకుని షేరాటో దాకా వచ్చింది. సంచీ తనే మోసింది.

"పాపం, ఎన్ని వారాలు తిరిగినావు! అయిపాయె గదా. ఇంకింత దూరం రావాల్సిన పన్లేదు నువ్వు," అంది ప్రేమగా.

"అవునక్కా," అన్నాను.