తుఫాను షెల్టరులో జర్మన్ పరీక్ష

మద్రాసులోని జర్మన్ సాంస్కృతిక సంస్థ నుంచి ఆ మెయిలు వచ్చినప్పుడు నేను మా నాయనమ్మ మంచం కింద కూర్చుని ఉన్నాను. మంచం మీద నాయనమ్మ, మంచానికి ఆనుకుని వదిన, వదిన ఒళ్ళో రెండేళ్ళ పాప, వంటింటి గడపలో అమ్మ. బయట అరుగు మీద నాయన, అన్న. సరదాకి కాదు, వేరే చోటు లేక మంచం కిందికి దూరాను. మెయిలు చాలా మర్యాదగా ఉంది. మహమ్మారి వల్ల భవనం మూసేస్తున్నామనీ, తరగతులు, లైబ్రరీ, శుక్రవారం సినిమాలు, పరీక్షలు అన్నీ ఇకమీదట ఆన్‌లైనులోనే జరుగుతాయనీ, ఎవరి ఇంట్లో వాళ్ళు ప్రశాంతంగా కూర్చుని నేర్చుకోవచ్చనీ రాశారు. ప్రశాంతంగా అన్న మాట దగ్గర నాకు ఒళ్ళు మండింది.

ఏడాదిన్నరగా మద్రాసులో ఉండి ఆ సంస్థలో చదువుతున్నాను. లాక్‌డౌనుకు ముందే ఇంటికొచ్చి ఇక్కడ ఇరుక్కుపోయాను. అక్కడి లైబ్రరీలో కిటికీ పక్కన ఒక కుర్చీ ఉండేది. అందులో కూర్చుంటే గంటసేపు ఎవరూ పలకరించేవాళ్ళు కాదు. పుట్టి బుద్ధెరిగాక నాకు అంత చోటు ఇంకెక్కడా దొరకలేదు. చివరి పరీక్ష ఒక్కటి గట్టెక్కితే జర్మన్ టీచరుగా శిక్షణ ఇస్తామన్నారు. మద్రాసులో ఒక బడి వాళ్ళు తీసుకుంటామని మాట కూడా ఇచ్చారు. తప్పితే నాకు మిగిలేది తోటపల్లి గూడూరు వైపు రొయ్యలు వలిచే షెడ్డు. అమ్మ అప్పటికే అక్కడి మేస్త్రితో మాట్లాడి పెట్టింది. “ఉత్తినే కూకోని ఏం జేస్తావు పాపా, బస్సులు తిరగంగానే పోదువులే” అంది. అమ్మ మంచికే అంది.

మాది మైపాడుకు దగ్గర్లో సముద్రం ఒడ్డు పల్లె. అక్కడ పోలీసు మాటకంటే కాపుల మాటకు బలమెక్కువ. కాపులంటే మా ఊరి పెద్దలు. వాళ్ళు పెట్టే కట్టుబాటును దురాయి అంటారు. లాక్‌డౌను సంగతి టీవీలో వచ్చిన మర్నాడే గుడి మైకులో దురాయి చెప్పారు. ఊళ్ళో నుంచి ఎవరూ బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. ఎవరికైనా జ్వరమొస్తే దాచకుండా చెప్పాలి, చెప్పి తుఫాను షెల్టరులో పధ్నాలుగు రోజులు ఉండాలి. దాస్తే ఆ ఇంటితో ఎవరూ మాట్లాడరు, ఆ ఇంటి మగవాణ్ణి ఏ పడవా ఎక్కించుకోదు. ఊరి మొదట్లో తాటిమొద్దులు అడ్డం వేసి, పాత వలలు కట్టి, వంతులవారీగా కాపలా కాశారు. దానికి తోడు ఏటా వచ్చే చేపల వేట నిషేధం రోజులు. మగవాళ్ళంతా ఇళ్ళలోనే ఉన్నారు. పొద్దున లేస్తే అవే మొహాలు, అవే దగ్గులు, అవే గొడవలు. సముద్రం ఎదురుగా పెట్టుకుని అంత ఇరుకులో బతికానంటే మద్రాసులో నా స్నేహితులు ఇప్పటికీ నమ్మరు.

ఇక ఆన్‌లైను తరగతుల ముచ్చట. మాది సునామీ తర్వాత ప్రభుత్వం కట్టించిన ఇల్లు. ఒక గది, ఒక వంటిల్లు, అరుగు. తెర మీద మా టీచరు, మైలాపూరు ఆవిడ, పుస్తకాల బీరువా ముందు కూర్చుని తీరుబడిగా పాఠం చెబుతుంటే నా వెనక వదిన చంటిదానికి నీళ్ళు పోస్తుండేది. ఒకరోజు నాయనమ్మ నా భుజం మీదుగా ఫోనులోకి తొంగిచూసి, “ఎవురుమే ఈమె, అన్నం తిన్నదా?” అని అడిగింది. తరగతి మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. పరీక్ష తేదీ చెప్పాక నవ్వడం మానేశాను.

మౌఖిక పరీక్ష నియమాలు మామూలువి కావు. గదిలో ఒక్కరే ఉండాలి. తలుపు వేసి ఉండాలి. మొదట ఫోను చుట్టూ తిప్పి నాలుగు గోడలూ చూపించాలి. మధ్యలో ఇంకో మనిషి కనిపించినా, గొంతు వినిపించినా పరీక్ష రద్దు. అలవాటు కోసం ముందుగా రెండు నమూనా పరీక్షలు పెట్టారు. మొదటిసారి చంటిది తలుపు బాదింది. రెండోసారి అన్న ఛార్జరు కోసం వచ్చి ఫోను ఎదురుగా నిలబడ్డాడు, అదీ చొక్కా లేకుండా. టీచరు నొచ్చుకుంటూనే చెప్పింది, అసలు పరీక్షలో ఇలా అయితే తన చేతుల్లో ఏమీ ఉండదని.

షెల్టరు ఖాళీగానే ఉంది కదా, పరీక్ష రోజు ఒక్క పూట ఇవ్వమని పెద్దకాపును అడిగించాను. మంచిగా ఉన్న మనిషి అందులో అడుగు పెట్టకూడదు, అదీ దురాయేనన్నారు. దాంతో నేను ఇంట్లోనే దురాయి పెట్టాను. సాయంత్రం నాలుగు నుంచి ఆరున్నర దాకా గది నాది. అందరూ బయట ఇసుకలో కూర్చోవాలి. తలుపు గడియ పెట్టి గట్టిగా జర్మన్ మాట్లాడుకునేదాన్ని. అమ్మ టీ గ్లాసు, అటుకుల పళ్ళెం చప్పుడు కాకుండా కిటికీలో పెట్టి పోయేది. నాయనమ్మ గొణిగినా, “చదువుకోనీమ్మా” అని నాయన సర్దిచెప్పేవాడు.

ఊరు చూస్తూనే ఉందని మాకు తోచలేదు. మా పల్లెలో మనిషి ఒంటరిగా గదిలో తలుపేసుకుని కూర్చోవడమన్నది లేదు. పెళ్ళికూతురు కూడా పదిమంది మధ్యనే ఉంటుంది. అలాంటిది ఒక పిల్ల రోజూ గడియ పెట్టుకోవడం, ఇంటిల్లిపాదీ బయట కూర్చోవడం, కిటికీలోంచి పళ్ళెం అందించడం, లోపలి నుంచి అర్థంకాని పలవరింతలు. ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఎదురింటావిడ అమ్మను అడగనే అడిగింది, “ఏందిమే, మీ పాపకు వొంట్లో బాగుండాదా?” అని. అమ్మ నవ్వి ఊరుకుంది.

పరీక్ష ఇంకా రెండు రోజులుందనగా కాపులు అయిదుగురు వచ్చారు. తువ్వాళ్ళు ముక్కులకు చుట్టుకుని పది బారల దూరంలో నిలబడ్డారు. వాళ్ళ వెనక సగం ఊరు. నేను గది గుమ్మంలో ఉన్నాను.

“ఏమబ్బయ్యా, పాపకు జొరమంట గదా. దాచిపెట్టుండావంట” అన్నాడు పెద్దకాపు. వరసకు నాయనకు మేనమామ.

“లేదు మామా. చదువుకుంటా ఉండాది. ఫోన్లో బడి.”

“తలుపేసుకోని ఏం బడి అబ్బయ్యా.”

“ఇంకో మనిషి కనపడగూడదంట మామా. కనపడితే పరీచ్ఛ రద్దు చేస్తారంట.”

వెనక ఎవరో నవ్వారు. నాయన చెప్పిందంతా నిజమే. అయినా వింటుంటే నాకే అబద్ధంలా వినపడింది. నాయన అరుగు దిగి, ఒంగి గుప్పెడు ఇసుక తీసుకుని, సముద్రం వైపు తిరిగాడు. “గంగమ్మ తల్లి మీద ఆన. నా బిడ్డకు ఏ రోగమూ లేదు. ఉంటే నేనే షెల్టరుకు తీసకపోయుందును” అన్నాడు.

ఇసుక పట్టుకుని ఆన పెడితే మా దగ్గర రెండో ప్రశ్న ఉండదు. పెద్దకాపు తల ఊపి వెనక్కి తిరిగాడు. అంతటితో అయిపోయేది. నేను నోరు మూసుకుని ఉంటే చాలు. సరిగ్గా అప్పుడే లోపల చంటిది ఏడుపు ఎత్తుకుంది. ఎల్లుండి కూడా ఇలాగే ఏడుస్తుంది. కాపుల తలల మీదుగా తుఫాను షెల్టరు కనపడుతోంది. పై అంతస్తులో పెద్ద హాలు, తలుపులు, గడియలు, నిండుగా సిగ్నలు. లోపల ఒక్క మనిషి లేడు.

“నాకు జొరం ఉండాది తాతా” అన్నాను. “మూడు దినాలైంది. వాసన తెలవడంలా. నాయనకు చెప్పలా నేను.”

నాయనకు చెప్పలేదు అన్న ముక్క ఆయన్ని కాపాడుతుందనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది. నాయన నా వైపు తిరిగాడు. గుప్పిట్లో ఇసుక అలాగే ఉంది. ఆయన మొహంలో కోపం లేదు, భయం ఉంది. అది ఆనాడు నాకు అర్థం కాలేదు. పరువు పోయిందని భయపడుతున్నాడనుకున్నాను.

చాప, దుప్పటి, నీళ్ళ క్యాను ఇచ్చి నన్ను షెల్టరు ఎక్కించారు. మా ఇంటి చుట్టూ వల కట్టారు, ఎవరూ దాటకూడదని. కరోనా పరీక్ష చేయించడానికి ఎవరినీ పిలవలేదు. బయటికి తెలిస్తే ఊరినే మూసేస్తారని వాళ్ళ భయం వాళ్ళది. నా జ్వరం సంగతి తనకు తెలియకపోయినా గంగమ్మ మీద ఆన తప్పాడు కాబట్టి, నాయన మెడలో తువ్వాలు వేసుకుని కాపుల ముందు సాగిలపడాలన్నారు, ఇక మీద కాపుల కూటంలో ఆయన మాట చెల్లదన్నారు. సాగిలపడటం నేను షెల్టరు మీది నుంచి చూశాను. చూస్తూ కూడా కిందికి దిగలేదు. ఎల్లుండి పరీక్ష అనుకుంటూ నిలబడ్డాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. ఫోను తిప్పి నాలుగు గోడలూ చూపించాను. “ఎంత మంచి గది దొరికింది నీకు, అదృష్టవంతురాలివి” అంది టీచరు. ఇంట్లోనే ఉండిపోవడం గురించి మాట్లాడమన్నారు. అంత ధారాళంగా జర్మన్ అంతకు ముందూ మాట్లాడలేదు, ఆ తర్వాతా మాట్లాడలేదు. పది నిమిషాల్లో అయిపోయింది. పన్నెండు రోజులు మిగిలాయి.

పరీక్ష కాగానే నిజం చెప్పేద్దామనుకున్నాను. కానీ ఎవరికని చెప్పను? రోగం లేదంటే ఊరందరి ముందూ కాపులతో ఆడుకున్నట్టు. అప్పుడు పధ్నాలుగు రోజులతో పోదు, మా ఇంటిని వెలివేస్తారు. నేను అల్లిన వలలో నేనే చిక్కుకున్నాను. రోజూ మధ్యాహ్నం నాయన ఒక్కడికే అనుమతి. సముద్రం ఒడ్డున ఎడంగా నడిచి వచ్చి, మెట్టు మీద గిన్నె పెట్టి, దూరంగా పోయి నిలబడి అడిగేవాడు.

“జొరం తగ్గిందా పాపా?”

“తగ్గింది నాయనా.”

“వాసన తెలస్తా ఉండాదా?”

“కొంచెం.”

ఒక్కసారైనా తిడతాడేమోనని ఎదురుచూశాను. తిట్టి ఉంటే చెప్పేసేదాన్ని. తిట్టలేదు. ఈలోగా నిషేధం అయిపోయింది. పడవలన్నీ వేటకు వెళ్ళాయి. మా ఇంటి వల ఇంకా విప్పలేదు కనక నాయన ఒడ్డునే ఉండిపోయాడు. సంస్థ వాళ్ళు ఇంట్లో ఉన్నవాళ్ళ ఉత్సాహం కోసమని రోజుకో సినిమా పంపేవాళ్ళు. ఒక్కటీ చూడలేకపోయాను.

పదిహేనో రోజున దిగాను. అమ్మ దిష్టి తీసి, లోపలికి తీసుకుపోయి చెప్పింది. ఆ ఇసుక గుప్పిట్లో పట్టుకుని ఉండగానే నాయన మొక్కుకున్నాడట. బిడ్డ ప్రాణంతో ఇల్లు చేరితే బతికినన్నాళ్ళూ చేప ముట్టనని. మూడు పూటలా చేపతో తినే మనిషి. పాసయ్యావన్న మెయిలు అప్పటికే నా ఫోనులో ఉంది.

ఇప్పుడు మద్రాసులో జర్మన్ చెబుతున్నాను. నాకంటూ ఒక గది ఉంది, దానికి గడియ ఉంది. సెలవులు వచ్చిన ప్రతిసారీ ఈసారి చెప్పేయాలనుకుంటూనే బస్సెక్కుతాను. పోయిన నెలలోనూ అలాగే వెళ్ళాను. వేట నుంచి నాయన వంజరం చేప తెచ్చాడు. అమ్మ మామిడికాయ వేసి పులుసు పెట్టింది. నాయన నా పక్కన కూర్చుని, నా పళ్ళెంలో ముక్క విడదీసి, ముళ్ళు ఏరి అవతల పెట్టాడు. చెయ్యి కడుక్కొచ్చి తను మజ్జిగన్నం కలుపుకున్నాడు.

“నాయనా” అన్నాను.

“తిను పాపా. నువ్వు తింటా ఉంటే నేను తిన్నట్టే” అన్నాడు.

ముళ్ళు లేని ముక్క పళ్ళెంలో ఉంది. ఆయన చూస్తున్నాడు. తిన్నాను.