ఇప్ప నూనెతో పెళ్లిచూపులకు

నైజాం పోయి, ఆంధ్రప్రదేశ్ ఇంకా రాని ఆ నడిమి కాలంలో మా ఆసిఫాబాద్‌లో ఒక్కొక్కటే దారికి వస్తుండేది. నాలాంటివాడికి కూడా బడిపంతులు కొలువు దొరికింది. దారికి రానిది నా జుట్టొక్కటే. ఒత్తుగా ఉండి లొంగకపోతే అదొక పౌరుషం అనుకోవచ్చు. నాది మక్కకంకి పీచు. ఎవరైనా పక్కన నిలబడి ఊపిరి విడిస్తే లేస్తుంది. దువ్వెన కింద పెట్టేలోపు నడినెత్తి మీద పది పన్నెండు వెంట్రుకలు, జవాబు తెలిసిన పిల్లలు చేతులెత్తినట్టు నిలబడేవి. (నా తరగతిలో జవాబు తెలిసినవాళ్లు అంతమంది ఎన్నడూ లేరు.) బజారులో క్షవరం చేసే చాచా ఒకరోజు కత్తెర పక్కన పెట్టి, "పంతులూ, గివి వెంట్రుకలు గావు, పొగ. పొగను నేనెట్ల కత్తిరియ్యాలె?" అన్నాడు. అదే తల్లి కడుపున పుట్టిన మా అన్నకు గొంగడిలాంటి జుట్టు! ఇదేం న్యాయమని నేను దేవుణ్ణి నిలదీయని రోజు లేదు.

బాసరలో చుట్టాల పిల్లవాడి అక్షరాభ్యాసానికి పోయినప్పుడు ఒక అమ్మాయిని చూశాను. ఆమె కూడా నన్ను చూసింది. నన్ను కాదు, నా నడినెత్తిని చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అప్పటినుంచి నాకు వేరే పిల్ల వద్దనిపించింది. ఆ నవ్వుకు జవాబు చెప్పాలని కూడా అనిపించింది. అన్నను పట్టుకుని వేధిస్తే అటునించి కబురు వచ్చింది, చలికాలంలో పెళ్లిచూపులకు రమ్మని. వాళ్లది కెరమెరి దారిలో, ఎడ్లబండి మీద మూడు గంటలు పోయే ఊరు.

మా దిక్కు ఇళ్లలో ఇప్పగింజల నూనె ఒక కుండలో ఉండేది. దీపాలకు, కాళ్ల పగుళ్లకు వాడేవాళ్లం. చలికి అది నెయ్యిలా గడ్డకడుతుంది. పెళ్లిచూపుల నాటి తెల్లవారుజామున నా బుర్రలో మెరుపు మెరిసింది. గడ్డకట్టే నూనె రాస్తే వెంట్రుక ఎక్కడికి పోతుంది? కుండను పొయ్యి పక్కన కరగబెట్టి, పది వేళ్లతో పట్టించుకుంటుంటే మా వదినె చూసింది.

"అయ్యో, గదెందుకు పెడ్తున్నవు? సలికి పేరుకుంటది!"

"పేరుకుంటేనే గద వెంట్రుకలు అణిగుండేది. నీకేం తెల్సు?"

"నాకేం తెల్వదు. సదువుకున్నోనివి, నువ్వే పూస్కో," అని ఆమె లోపలికి పోయింది.

అద్దంలో చూసుకుంటే కళ్లు చెమర్చాయి. నల్లగా, నున్నగా, ఒక్క పోగు లేవలేదు! అన్న, వదినె, నేను బండెక్కాం. "చెవులకు రుమాలు కట్టుకోరా, సలిగాలి కోస్తుంది," అని అన్న మొత్తుకున్నా, జుట్టు చెదురుతుందని నేను వినలేదు.

ఆ ఇంటి వాకిట్లో కాళ్లకు నీళ్లు తెచ్చిన ముసలమ్మ నన్ను తేరిపార చూసి, "పిల్లగాని బాపువా, నాయినా? పిల్లగాడేడి?" అంది. (మా నాన్న పోయి అప్పటికి ఆరేళ్లు.) చెయ్యి పెట్టి చూసుకుంటే నెత్తంతా తెల్లగా గడ్డకట్టి ఉంది. నేనే పిల్లగాణ్ణని అన్న వాళ్లను నమ్మించేసరికి తాతలు దిగివచ్చారు. వణుకుతున్నానని జాలిపడి కుంపటి తెచ్చి నా ముందర పెట్టారు. ఆ జాలే నా కొంప ముంచింది. నూనె కరిగి నొసటి మీదుగా, కనుబొమల మీదుగా, చెవుల వెనక నుంచి కాలరులోకి దిగింది. ఆ వాసనకు పక్కనున్నాయన జరిగి కూర్చున్నాడు. పైన వెంట్రుకలు, చెర విడిపించుకుని ఒక్కొక్కటే లేచాయి. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి అటుకుల పళ్లెంతో వచ్చింది.

"గిదేం నూనె బిడ్డా? ఎవలు పూసిండ్రు?" అని ముసలమ్మ అడిగింది.

"మా వదినె! వద్దన్నా వినకుంట పూసింది!" అన్నాను కోపంగా. ఆ క్షణంలో నాకు నిజంగానే వదినె మీద కోపం వచ్చింది. అబద్ధానికి అంత కోపం ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. వదినె నా వంక ఒక్కసారి చూసి తల దించుకుంది. "అవునమ్మా, నాదే తప్పు. తెల్వకపాయె," అంది. అమ్మాయి నవ్వలేదు. ఆమె చూపు నా చేతుల మీద ఆగింది. పది గోళ్లలో తెల్లగా పేరుకున్న ఇప్ప నూనె.

వారం తిరగకముందే ఆమె తండ్రి మా ఇంటికి వచ్చాడు. "నూనె సంగతి గాదు పంతులూ. 'తన నెత్తి మీది నూనెను వదినె మీద ఏసెటోడు రేపు నా మీద ఏమెయ్యడు?' అంటుంది మా పిల్ల. నన్నేం జెయ్యమంటవు?"

నెలరోజులు అందరి మీదా మండిపడ్డాను. కుంపటి మీద, చాచా మీద, పరుల గోళ్లు చూసే ఆడపిల్లల మీద. వదినె మాత్రం ఒక్క మాట అనకుండా రోజూ అన్నం పెట్టింది. అది తట్టుకోలేక ఒకనాడు ఆమె బియ్యం చెరుగుతుంటే పోయి ఎదురుగా కూర్చున్నాను.

"వదినె, గా దినం నేను..."

"నాకెందుకు చెప్తవు? నాకు తెల్వదా?" చాట ఆపకుండానే అంది. "పోయి గా ఇంటోల్లకు చెప్పు."

పోయే ధైర్యం లేక ఉత్తరం రాశాను. నూనె నేనే పూసుకున్నానని, వదినె వద్దన్నదని, అబద్ధమాడింది నేనని. పది రోజులకు కార్డు వచ్చింది. పిల్లకు వేరేచోట కుదిరిందట. 'మీ వదినెగారిని అడిగినట్టు చెప్పమని మా అమ్మాయి మరీ మరీ చెప్పింది' అని చివర రాశారు.

నన్ను అడిగినట్టు ఒక్క ముక్క లేదు! తప్పు ఒప్పుకున్న మనిషికి ఇదా మర్యాద అని గింజుకున్నాను. ఏదో దొరుకుతుందనే ఒప్పుకున్నానని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ కార్డు చదివి వినిపించినప్పుడు వదినె ముఖం వెలిగిన తీరు తలచుకుంటే, గొణుగుతూ కూర్చున్న ఆ కుర్ర పంతులు మీద ఇప్పుడు జాలీ నవ్వూ కలిసే వస్తాయి. ఆ ఇంటికి ముగ్గురం పోయాం. ఆ అమ్మాయికి మాలో ఒకరు నచ్చారు.