లోర్నాకు ఇంకో రాష్ట్రం కావాలి

లోర్నా ప్రూట్ లైసెన్సులు పోగేసేది. ఆవిడ గురించి ఇంతకంటే ముందుగా చెప్పవలసింది ఏమీ లేదు.

మా ఫిజియోథెరపీ వృత్తిలో ఒక తమాషా ఉంది. నెబ్రాస్కాలో ఒకరి మోకాలు వంచాలంటే నెబ్రాస్కా లైసెన్సు కావాలి. అదే మోకాలు సరిహద్దు నది దాటి అవతలికి వెళ్తే అయోవా అనుమతి కావాలి. కొన్ని రాష్ట్రాలు తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి కాబట్టి రుసుము కడితే సరిపోతుంది. మిగతావి తమ చట్టాలు చదివి రమ్మంటాయి, వేలిముద్రలు అడుగుతాయి, మనం బుద్ధిమంతులమని నలుగురి చేత చెప్పించమంటాయి. నాలాంటివాళ్ళం ఒక్కటి సంపాదించుకుని ఉన్న ఊళ్ళోనే కుదురుగా కూర్చుంటాం. మూడేసి నెలలకు ఊరు మార్చే సంచార థెరపిస్టులు నాలుగో ఐదో పెట్టుకుంటారు. లోర్నా దగ్గర ఎన్ని ఉన్నాయో లోర్నాకే తెలియదు.

మా ఆసుపత్రిలో చేరిన రోజు భోజనాల దగ్గర నన్ను అడిగింది, "మీవాళ్ళంతా ఇక్కడేనా పిల్లా?"

"మా అత్త డెలవేర్‌లో ఉంటుంది."

"అయ్యో, డెలవేర్ నా దగ్గర లేదే!" అంది, పొయ్యి మీద కూర ఉడుకుతుండగా ఉప్పు నిండుకున్నట్టు. వారం తిరగకుండా దరఖాస్తు పెట్టేసింది.

వేలిముద్రల కోసం షెరీఫ్ ఆఫీసుకు వెళ్ళడం ఆవిడకు కూరగాయలకు వెళ్ళినట్టే. ఏళ్ళ తరబడి జనం నడుములు పిసికి పిసికి వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. యంత్రం చదవనని మొండికేసేది. ఒకసారి కొత్తగా వచ్చిన పోలీసు డిప్యూటీకి అనుమానం తగిలింది.

"నువ్వు చేసే పనేంటమ్మా?"

"కాళ్ళూ చేతులూ విరుస్తాను నాయనా."

"ఎక్కడ?"

"చాలా రాష్ట్రాల్లో. ఇంకోదాంట్లో కూడా మొదలుపెడదామనే వచ్చా."

ఆవిడ్ని అక్కడే కూర్చోబెట్టేశారు. మా విభాగానికి పెద్ద అయిన డగ్ స్వయంగా వెళ్ళి విడిపించుకు వచ్చాడు.

ఊరంతా ఈ కథ చెప్పుకుని నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నేను ఈ ఊళ్ళోనే పుట్టి, ఈ ఆసుపత్రిలోనే పనిచేస్తున్నా నా గురించి ఒక్క కథ లేదు. రోగులకు నేను దాల్చిన చెక్క వేసిన తీపి రోల్స్ చేసి తీసుకువెళ్ళేదాన్ని. వాళ్ళు నా రోల్స్ తింటూ లోర్నాతో కబుర్లు చెప్పేవాళ్ళు. మీగడ పూత మందంగా వేసి చూశాను. కబుర్లు ఇంకా ఎక్కువయ్యాయి.

అన్నిటికంటే ఆర్విల్ టీట్జ్ విషయం నన్ను తినేసింది. ఆవు తన్ని తుంటి ఎముక విరిగిన రైతు. ఆయన నా రోగి. నా దగ్గర పళ్ళు బిగించి మూలిగేవాడు. లోర్నా పక్కనుంచి వెళ్తే చాలు, పకపకా నవ్వేవాడు. ఆయన పట్టుదల ఒక్కటే: ఫిబ్రవరి చివర్లో ఆవులు ఈనే వేళకు సొంత కాళ్ళ మీద కొట్టంలో నిలబడాలి. నిలబడలేకపోతే మంద అమ్మేయాల్సిందేనని కూతురు తేల్చి చెప్పింది.

వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు వేస్తున్నాడో లేదో, మంచు మొదలైంది. ఒంటరిగా వదలనని కూతురు ఆయన్ని ఐడహోలో తన ఇంటికి బయలుదేరదీసింది. అక్కడ దగ్గర్లో థెరపిస్టు లేడు.

"వీడియో కాల్‌లో నేను చేయిస్తాను," అన్నాను.

"కుదరదు మార్గీ," అన్నాడు డగ్. "రోగి ఏ రాష్ట్రంలో కూర్చుంటే ఆ రాష్ట్రం లైసెన్సు ఉండాలి."

"ఐడహో నా దగ్గర ఉందిగా!" అంది లోర్నా.

ఉండక చస్తుందా! ఆర్విల్‌కు వీడ్కోలు చెప్పడానికి కూడా నేను బయటికి రాలేదు. సామాన్ల గదిలో దిండ్లు లెక్కపెడుతున్నట్టు నటించాను.

జనవరిలో ఒక మధ్యాహ్నం డగ్ పిలుస్తున్నాడని చెప్పడానికి లోర్నా నివాసానికి వెళ్ళాను. అంటే ఆసుపత్రి వెనక నిలిపిన, ఆవిడ కాపురముండే బండికి. భోజనం వేళ ఆవిడ అందులో దూరి కొత్త దరఖాస్తులు నింపుతుందని మా అందరి నమ్మకం. లోపల చూస్తే కంప్యూటర్ తెర మీద ఒక ముసలావిడ కుర్చీ పట్టుకుని మడమలు ఎత్తుతోంది. లోర్నా సూప్ చల్లారిపోతోంది.

"ఎవరావిడ?" అన్నాను, కాల్ ముగిశాక.

"వెర్మాంట్. కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. నిన్న చేసినాయన మెయిన్ రాష్ట్రంలో చెల్లెలి దగ్గర ఉన్నాడు. అందరూ సగంలో ఊరు మారినవాళ్ళే. కాలు సగం బాగయ్యాక, ఇక్కడితో నా రాష్ట్రం అయిపోయిందండీ అని ఎలా చెప్పను పిల్లా?"

అంతలో తర్వాతి కాల్ మోగి ఆర్విల్ తెర మీదికి వచ్చాడు. నేను ఆయనకు కనిపించకుండా పక్కకు తప్పుకున్నాను.

"లోర్నా, నీతో లాభం లేదు," అన్నాడు. "నువ్వు నవ్విస్తావు. నవ్వితే తుంటి జారుతుంది. ఆ మూతి ముడుచుకునే పిల్ల ఉంది చూడు, అది 'మళ్ళీ చెయ్యండి' అంటే కాలు దానంతటదే లేచేది. అది కావాలి నాకు."

"ఆ పిల్లకు ఐడహో లేదయ్యా."

"ఇప్పించు మరి! నీకు అది తప్ప వేరే పనేముంది?"

తెర మూసి లోర్నా నా వైపు తిరిగింది. "విన్నావుగా. వారం వారం ఇదే గోల. ఇన్ని రాష్ట్రాలు పెట్టుకుని నేనిక్కడ కూర్చుంటే, ముసలాయనకు నువ్వు కావాలట. నాకు ఎంత కుళ్ళుగా ఉందో తెలుసా?"

నా జీవితంలో నేను విన్న అతి తీయని మాట అది.

ఆవిడే పక్కన కూర్చుని దరఖాస్తు పెట్టించింది. అనుమతి వచ్చిన మర్నాటి నుంచి ఐడహో వంటగదిలో ఆర్విల్ తిట్లు, నెబ్రాస్కాలో ముడుచుకున్న నా మూతి. ఫిబ్రవరి ఆఖరుకు చేతికర్రతో ఇంటికి తిరిగి వచ్చాడు. మంద అమ్మలేదు.

మార్చిలో ఒక పొద్దున కొట్టంలోంచి వీడియో కాల్ చేశాడు. తడి ఆరని దూడ ఒకటి నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోతూ తూలుతోంది.

"అమ్మాయ్, దీనికి కాస్త గట్టిగా చెప్పు."

"పశువులకు చేయించడానికి నాకు లైసెన్సు లేదు ఆర్విల్ గారూ."

"ఫోన్ పెట్టెయ్యకు," అంది లోర్నా వెనకనుంచి, అప్పటికే కంప్యూటర్ తెరిచి. "ఎవరిస్తారో చూస్తున్నా."